కొత్త గుడ్డతో కుట్టిన ఎనభై బొంతలు

2011 జూన్‌లో నన్ను నల్లగొండ నుంచి ఎల్‌బీ నగర్ పరీక్ష కేంద్రానికి బదిలీ చేశారు. హోదా టెక్నికల్ అసిస్టెంట్, రంగుల విభాగం. పేరు పెద్దదే గానీ, కేంద్రమంటే మూడు గదులు, ఒక అటెండరు, నేను, వారానికి రెండుసార్లు వచ్చి సంతకాలు పెట్టే అసిస్టెంట్ డైరెక్టరు. నేత సంఘాలు, కుట్టు సంఘాలు తెచ్చిన గుడ్డకు రంగు నిలుస్తుందో లేదో తేల్చి సర్టిఫికెట్ ఇవ్వడం మా పని.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రంగు గుడ్డ ముక్కను రెండు తెల్ల గుడ్డల మధ్య పెట్టి కుడతాం. సబ్బు నీళ్లలో, నిర్ణయించిన వేడిలో, నిర్ణయించినంతసేపు తిప్పుతాం. తర్వాత తెల్ల గుడ్డకు ఎంత మరక అంటిందో గ్రే స్కేలుతో పోల్చి చూస్తాం. గ్రే స్కేలంటే తెలుపు, బూడిద రంగు జతలు వరసగా అతికించిన చిన్న అట్ట. మరక లేకపోతే ఐదు, తెల్ల గుడ్డ తెల్లదని చెప్పలేనంతగా మారితే ఒకటి. మా దగ్గర నాలుగు వస్తే పాస్. మూడున్నర వచ్చినవాళ్లు బతిమాలేవాళ్లు, నేను కరిగేవాణ్ణి కాను. అందుకే సంఘాల్లో నాకు మంచి పేరు ఉండేది కాదు.

నోటి దురుసు కూడా ఉండేది. ముఖ్యంగా, గుడ్డను ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. అద్దకం జరిగేటప్పుడు తొట్టిలో ఉప్పు వేస్తే రంగు నూలుకు పట్టడానికి సాయపడుతుంది, నిజమే. అద్దకం అయిపోయిన గుడ్డకు మాత్రం ఉప్పు ఒరగబెట్టేది ఏమీ లేదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్లు తలూపి, ఇంటికి వెళ్లి ఉప్పే వేసేవాళ్లు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మా ఉద్యోగుల సంఘమంతా దిగింది, నేనూ దిగాను. కేంద్రానికి తాళం పడింది. గ్రే స్కేలు, థర్మామీటరు, నా తెల్లకోటు అన్నీ లోపలే ఉండిపోయాయి. బస్సులు లేవు. పొద్దున్నే చౌరస్తా దగ్గరి శిబిరంలో కూర్చోవడం, నినాదాలివ్వడం, మధ్యాహ్నానికి నడిచి ఇల్లు చేరడం. అలా ఒకటి రెండు వారాలు గడిచాక ఒకరోజు యాదమ్మ కేంద్రం తాళం చూసి, నన్ను వెతుక్కుంటూ శిబిరానికి వచ్చింది. చేతిలో మూతి బిగించి కట్టిన పాలిథిన్ సంచి ఉంది.

యాదమ్మది నల్లగొండ దగ్గరి పల్లె. ఇరవై ఏళ్ల కిందట కర్మన్‌ఘాట్ వచ్చి స్థిరపడింది. యాభై దాటిన మనిషి, బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగినది. పదిమంది ఆడవాళ్లను పోగుచేసి సంఘం పెట్టింది. సర్టిఫికెట్ గురించి అడగడానికి అంతకుముందు ఒకసారి మా కేంద్రానికి వచ్చింది కాబట్టి నాకు ముఖపరిచయం.

వాళ్లకు వచ్చిన మొదటి పెద్ద పని అది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు కాన్పుల దవాఖాన ఎనభై పసిపిల్లల బొంతలు అడిగింది. నడుమ తెల్ల గుడ్డ, చుట్టూ ఎరుపు, నీలం పోచంపల్లి ఇక్కత్ ముక్కలు. పుట్టిన ప్రతి బిడ్డనూ అందులో చుట్టి తల్లికి అందించాలని వాళ్ల ఆలోచన. షరతు ఒక్కటే. ఎనభైలో ఏవో మూడు తీసి వాళ్ల లాండ్రీలో వేడినీళ్లలో ఉతుకుతారు, తెల్లటి నడుమ మీద మరక కనపడితే మొత్తం వెనక్కి పంపేస్తారు. యాదమ్మ మాట నమ్మి ఆ పదిమందీ ఫాల్స్ కుట్టే పనులు, ఇళ్లలో పనులు మానుకొని వచ్చారు. ఇది తప్పిపోతే మళ్లీ వాళ్లను రమ్మని పిలవడానికి ఆమెకు మొహం చెల్లదు.

సంచి విప్పితే తడి బొంత. నడుమ ఉన్న తెల్ల గుడ్డంతా గులాబీ రంగుకు తిరిగింది. పక్కన కూర్చున్న మా సంఘం కార్యదర్శి నర్సింహ, "మన ఉద్యమం రంగే వచ్చింది గదక్కా, మంచిదే" అన్నాడు. యాదమ్మ నవ్వలేదు.

"వాళ్లకంటె ముందుగాల నేనే ఉతికి చూద్దామనుకున్న సారూ. ఉతికితే గిట్లయింది. తాడు మీద ఆరేస్తె వాడకట్టంత చూస్తరని, పిండి గట్లనే సంచిల పెట్టుకొచ్చిన" అంది.

ఒకరు సిగ్గుపడ్డందుకు నేను సంతోషించడం అదే మొదలు, అదే చివర. ఎండలో ఆరేసి ఇస్త్రీ చేసి ఉంటే ఆ మరకను వదిలించడానికి నానా తంటాలు పడేవాళ్లం. సంచిలో ఉన్నందుకు రంగు ఇంకొంచెం పాకిన మాట నిజమే. కానీ తడి ఆరలేదు, కొత్తగా వచ్చి కూర్చున్న రంగు తడిలో ఇంకా లేచిపోగలదు. ఆరనివ్వొద్దు, పద అన్నాను. నర్సింహ వెనకనుంచి, "సమ్మెల ఉండి డ్యూటీకి పోతున్నవా అన్నా?" అని అడిగాడు. డ్యూటీ కాదు, బట్టలుతకడానికి పోతున్న అని చెప్పి బయల్దేరాను.

వాళ్ల పని కర్మన్‌ఘాట్‌లో ఒక రేకుల షెడ్డులో. అప్పటికే నలభై బొంతలు కుట్టి గోడవారగా పేర్చి ఉన్నాయి. మిగిలిన నలభైకి గుడ్డ తానులుగానే ఉంది. కోయకముందు గుడ్డను ఉతికారా అని అడిగాను. పదిమందీ నా మొహంలోకి వింతగా చూశారు. వాళ్లలో భారతమ్మ పోచంపల్లి నేతింటి ఆడపడుచు, ఇక్కత్ తెచ్చేది ఆమే. "కొత్త గుడ్డను ఉతికి కుట్టుడేంది సార్? ఉతికితె పాతదైతది గద, మెరుపు పోతది" అంది. యాదమ్మ ఇంకో మాట అంది. "నలభై ఏండ్ల సంది కుడుతున్న. నా బొంత ఎన్నడన్న రంగు దిగిందేమో మా ఊర్ల అడుగుండ్రి."

కోపం నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె అన్నది అబద్ధం కాదు. బొంత అంటే మనకు పాత చీరల పని. అత్త చీర, అమ్మ చీర, ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డ చీర. దిగాల్సిన రంగంతా అది కట్టుబట్టగా ఉన్న రోజుల్లోనే దిగిపోయి ఉంటుంది. ఆమె చేతికి నలభై ఏళ్లుగా వచ్చింది అలాంటి గుడ్డే. రంగు దిగకుండా ఏం చేయాలన్న ప్రశ్న ఆమెకు ఎప్పుడూ ఎదురు కాలేదు. దవాఖాన పనికోసం మొట్టమొదటిసారి కొత్త గుడ్డ ముట్టుకుంది, పాత గుడ్డను కుట్టినట్టే కుట్టింది.

ఇంతలో మూలనుంచి ఒకావిడ, "ఉప్పేద్దమా సార్?" అంది. వద్దమ్మా అన్నాను, ఎంత మెల్లగా అనగలనో అంత మెల్లగా. అయినా ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

వాళ్లకు నేను చెప్పింది ఇంతే. అద్దిన రంగులో ఎక్కువ భాగం నూలుతో కలిసిపోతుంది, అది సొంతింటి మనిషి. కొంత రంగు పైపైన అంటుకొని ఉంటుంది, అది కిరాయికి ఉన్న మనిషి. కిరాయి రంగును మనమే ముందుగా ఖాళీ చేయించాలి, లేదంటే అది ఖాళీ చేసి పక్కింటి తెల్ల గుడ్డలో దిగుతుంది. ఖాళీ చేయించడానికి కావలసినవి వేడి, సబ్బు పొడి, బోలెడు నీళ్లు, ఓపిక.

సమ్మె వల్ల కోచింగ్ పిల్లలు ఊళ్లకు పోయి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఒక మెస్ వాళ్లు సొట్టలు పడ్డాయని పక్కన పడేసిన పెద్ద అల్యూమినియం డేగిసాలు రెండు యాదమ్మ అడిగి తెచ్చింది. థర్మామీటరు లేదు కాబట్టి, చెయ్యి పెడితే వెంటనే తీసేయాల్సినంత వేడి అని కొలత పెట్టుకున్నాం. బొంత మొత్తం నీళ్లలో మునగాలి, ఏ మూలా పైకి తేలకూడదు. అందుకని పైన స్టీలు పళ్లేలు బోర్లించాం. సబ్బు ధారాళంగా ఉంటే వదిలిన రంగు నీళ్లలోనే తేలుతుంది, మళ్లీ గుడ్డ మీద వాలదు. నీళ్లు ఎరుపెక్కినప్పుడల్లా మార్చాలి.

సాయంత్రం దాకా ఐదుసార్లు మార్చాం. మరక పలచబడిందే గానీ పోలేదు. ఆరో నీళ్లలోనూ అంతే. పదిమంది నా వైపే చూస్తున్నారు. సర్వీసులో ఎన్నడూ లేనంతగా నాకు చెమటలు పట్టాయి. అప్పుడు భారతమ్మ, పొయ్యి కింద కట్టె సర్దుతూ, మామూలుగా, "గీ బోరు నీళ్లల్ల మాకు పప్పు గూడ ఉడుకది సార్" అంది.

డేగిసాలోకి చూశాను. అంత సబ్బు వేసినా నురగ లేదు, పైన తెట్టులాంటిది పేరుకుంది. పప్పు ఉడకనివ్వని సున్నపు నీళ్లు కిరాయి రంగును కూడా కదలనివ్వవు. సబ్బును అవే తినేస్తాయి, పైగా రంగును గుడ్డకే పట్టి ఉంచుతాయి. ఇది నేను చదువుకున్నదే. కానీ నల్లగొండలోనూ ఇక్కడా మా కేంద్రాలకు శుద్ధి చేసిన నీళ్లు డబ్బాల్లో వచ్చేవి. ఇన్నేళ్లలో నీళ్ల గురించి ఆలోచించే అవసరమే నాకు రాలేదు. పాత చీరలు యాదమ్మను ఎట్లా కాపాడాయో, ఆ డబ్బాలు నన్ను అట్లా కాపాడుతూ వచ్చాయి. ఈ సంగతి ఆ రోజే ఆమెకు చెప్పేశాను. "అయితె మనం సమానమే సార్" అంది.

ఆ బొంతను ఆరనివ్వకుండా నీళ్లలోనే ఉంచాం. మర్నాడు పదకొండు ఇళ్ల నుంచి, సున్నం తక్కువుండే సర్కారు నల్లా నీళ్లు బిందెలతో వచ్చాయి. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. వాననీళ్లకన్నా మెత్తటి నీళ్లు ఎక్కడా ఉండవు. రేకుల మీది దుమ్ము పోయేదాకా ఆగి, చూరు కింద డ్రమ్ములు, బకెట్లు, బిందెలు, ఆఖరికి కుక్కర్లు కూడా పెట్టాం. ఆ నీళ్లలో సబ్బు వేయగానే నురగ పొంగి డేగిసా అంచు దాటింది. రెండోసారి నీళ్లు మార్చేసరికి నడుమ గుడ్డ తెల్లబడింది. యాదమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి వాన వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. రెండో బొంత తీసి డేగిసాలో వేసింది.

తర్వాతి వారమంతా పండగలాగే గడిచింది. కుట్టిన నలభైనీ ఒక్కొక్కటిగా నానబెట్టాం. కుట్టని తానులను కోయకముందే ఉతికాం. తడి గుడ్డను మడతపెట్టి వదలకూడదు, వెంటనే నీడలో పరచాలి. ప్రతి తాను నుంచి ముక్క కోసి, తడిపి, నా తెల్ల పంచె ముక్క మీద పెట్టి ఇస్త్రీ చేసేవాణ్ణి. పంచెకు రంగు అంటకపోతే పాస్. మెరుపు పోయిందని దిగులుపడ్డ భారతమ్మ, పలచటి గంజి పెట్టి తడి ఆరకముందే ఇస్త్రీ చేసి ఆ మెరుపు మళ్లీ తెప్పించింది. అది నాకు తెలియని విద్య.

ఒక ఎరుపు మాత్రం ఎన్ని నీళ్లు మార్చినా లొంగలేదు. అన్నిటిలోకీ అందమైనది అదే, భారతమ్మ మరిది దుకాణం నుంచి వచ్చినదీ అదే. నా కంటి కొలతకు మూడున్నర. పనికిరాదన్నాను. ఎప్పటిలాగే బతిమాలుతారని సిద్ధపడ్డాను. భారతమ్మ, "నేనే తెచ్చిన, నేనే ఇప్పుత" అని బ్లేడు తీసుకుంది. అప్పటికే కుట్టిన తొమ్మిది బొంతల్లో ఆ ఎరుపు ఉంది. తొమ్మిదీ విప్పి నీలం ముక్కలు వేసి కుట్టింది.

అప్పగించే రోజున గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. దారిలో రాస్తారోకో. బండి ఆపిన వాళ్లలో నర్సింహ ఉన్నాడు. పైన కప్పిన గుడ్డ ఎత్తి, ఒక బొంతను అరచేత్తో తడిమి, "పసిపిల్లలయి, పోనియ్యుండ్రి" అన్నాడు.

దవాఖాన స్టోర్స్ ఆఫీసరు రాజ్యలక్ష్మి గారు గుంటూరు వైపు మనిషి, మాటలో మర్యాద, పనిలో మొహమాటం లేదు. సర్టిఫికెట్ ఏదండీ అని అడిగారు. సమ్మెలో ఉన్నాం, ఇవ్వలేనన్నాను. "మరి మీరెందుకొచ్చారండీ?" అన్నారు. చూడ్డానికి అన్నాను. ఆవిడ దొంతర అడుగునుంచి ఒకటి, మధ్యనుంచి రెండు లాగి లాండ్రీ మిషన్లో వేయించారు. మూత వేయబోతుంటే యాదమ్మ అడ్డం వచ్చింది.

"ఒట్టిగ ఎందుకు మేడం, మీ డాక్టర్ల తెల్లకోటు గూడ ఒకటి ఎయ్యుండ్రి" అంది.

లాండ్రీ అతను వద్దన్నాడు. నా గుండె కూడా వద్దనే అంది, ఎందుకంటే ఇంత వేడిలో నేను పరీక్షించలేదు. రాజ్యలక్ష్మి గారు యాదమ్మను ఒక నిమిషం చూసి, ఉతకడానికి వచ్చిన కోట్లలోంచి ఒకటి తీసి లోపల పడేశారు. నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ కూర్చోలేదు.

కోటు తెల్లగా వచ్చింది. మూడు బొంతలూ తెల్లటి నడుములతో వచ్చాయి. రాజ్యలక్ష్మి గారు కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, లోపలి కుట్లు కూడా తిప్పి చూసి, "మిగతావి దించేయండి. ఇంకో నూట యాభై కావాలి, ఎప్పటికిస్తారు?" అన్నారు. భారతమ్మ యాదమ్మ భుజం మీద ఒక్క చరుపు చరిచింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది, దాచుకోలేదు కూడా.

సమ్మె విరమించాక తాళం తీసిన వారంలోనే యాదమ్మ కొత్త పని నమూనాతో కేంద్రానికి వచ్చింది. నియమం ప్రకారం పరీక్షించి, సర్టిఫికెట్ రాసిచ్చాను. గ్రే స్కేలు మీద నాలుగున్నర. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఫెయిలైన నమూనా తెచ్చినవాళ్లను రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఇంతకుముందు ఎలాంటి గుడ్డ మీద పనిచేశారు, ఏ నీళ్లు వాడారు. చాలాసార్లు జవాబు అక్కడే దొరికేది, మిషన్ తిప్పే పనే ఉండేది కాదు.

ఆ ఎనభై బొంతలు నాకు నేర్పింది ఒకటే. అనుభవం ఉన్న మనిషి చేతిలో పని చెడినప్పుడు, ఇప్పుడెందుకు చెడిందని కాదు, ఇన్నాళ్లూ ఎందుకు చెడలేదని అడగాలి.