దస్తీ వేసిన సీటు

బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకోవడం చేతగానివాళ్లు ఈ ప్రపంచంలో ఉంటారని నాకు ఇరవయ్యేళ్లు వచ్చేదాకా తెలియదు. హనుమకొండ చౌరస్తాలో మా ఇత్తడి సామాన్ల దుకాణం, దాని వెనకే ఇల్లు. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. నేను డిగ్రీ చదువుతున్నాను గానీ, కాలేజీకి పోవాలన్నా నా వెనకాల మా అన్న సైకిలు ఉండాల్సిందే. పట్టపగలు, మనుషులు కిటకిటలాడే రోడ్డు మీద నన్ను ఎవరెత్తుకుపోతారో ఆయనకే తెలియాలి. నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు పొద్దున్నే ఒక విదేశీ ఆడమనిషి మా దుకాణం మెట్లెక్కింది. ముప్పై ఏళ్లుంటాయేమో. తాటిచెట్టంత పొడుగు, వీపున సంచి, ఎండకు కందిపోయిన ముఖం. వేయిస్తంభాల గుడి చూసి అటునుంచి అటే వచ్చింది. ఇంక రామప్ప చూడాలట, సాయంత్రం కాజీపేటలో ఢిల్లీ బండి అందుకోవాలట. బాపు సరుకు కోసం పట్నం పోయాడు కాబట్టి గల్లా మీద అన్న కూర్చున్నాడు. టాక్సీ మాట్లాడిపెడతానన్నాడు. ఆ టాక్సీ నడిపేది ఆయన దోస్తే. కిరాయి ఎంతో వినగానే ఆమె ముఖం వాడిపోయింది. ఆ డబ్బుతో తాను వారం రోజులు తిరగగలనని చెప్పి, ఇంక చేసేదేముంది అన్నట్టు సంచి సర్దుకుంది.

నాకు మనసాగలేదు. లోపలి గదిలోంచి బయటికొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, బస్సుంది, నేను తీసుకుపోతాను అనేశాను.

అన్న గల్లా మీంచి లేచాడు. "మొగదిక్కు లేకుంట ఇద్దరాడోళ్లు గంత దూరం పోతరా? ఏమన్నయితే ఎవలు జవాబు చెప్పాలె?"

"పోయినోళ్లమే చెప్తం," అన్నాను.

అమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. కొడుకు మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు ఏమనిపించిందో, "పోనియ్యి రా, ఒక్కపూటనే గదా," అంది. అన్న ఇంక కాదనలేక షరతు పెట్టాడు. "పొద్దు గూకకముందే బస్టాండుల కనవడాలె. లేకుంటే గీ తిరుగుడు గిదే ఆఖరు. కాలేజీ సుత బంద్." ఊరికే అనే రకం కాదు, అన్నంత పనీ చేస్తాడు. అయినా నేను చెప్పులు తొడుక్కున్నాను.

అమ్మ మరచెంబులో కాచిన నీళ్లు పోసింది. జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు సద్ది కట్టింది. ఆ విదేశీ మనిషి మెడలో అందరికీ కనబడేట్టు వేలాడుతున్న డబ్బుసంచిని చూసి నెత్తి కొట్టుకుని, తన చేత్తోనే దాన్ని అంగీ లోపలికి తోసింది. ఎండకు తలకు కట్టుకొమ్మని బాపు ఎర్రగళ్ల దస్తీ ఒకటి ఇచ్చింది. "పైలం బిడ్డా," అంది మా ఇద్దరికీ కలిపి.

ములుగు బస్సులో నాకంటే ముందు ఆమే ఎక్కింది. నేను ఎక్కేసరికి ఒక సీట్లో పరిచి ఉన్న పచ్చ తువ్వాలను మర్యాదగా మడిచి, ఎవరో పారేసుకున్నారని కండక్టరు చేతిలో పెట్టి, ఆ సీట్లో హాయిగా కూర్చుని ఉంది. కండక్టరు ఆ తువ్వాలను, ఆమెను మార్చి మార్చి చూస్తున్నాడు. అంతలో బస్సు పైన తాళ్ల కట్టలు వేసి ఒక తాత దిగి వచ్చాడు. ములుగు వారపు అంగడిలో తాళ్లమ్ముకునే మనిషి.

"నా సీట్ల గీ దొరసాని ఎవలు? నా తువ్వాలేది?"

బస్సంతా నవ్వులు. నేను ఆమెకు చెప్పాను: ఎవరి గుడ్డ పడితే వాళ్లదే సీటు. ఆ మనిషి పైన సామాను వేస్తున్నా సరే, ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్నా సరే. ఆ గుడ్డను ఎవరూ ఎత్తుకుపోరా అని ఆమె సందేహం. గుడ్డ ఎవరికి కావాలి, అందరికీ కావలసింది సీటు అన్నాను. ఆమె గబుక్కున లేచి తాతకు రెండు చేతులూ జోడించింది. దానికి తాత కరిగిపోయాడు. "కూసో బిడ్డా, జర జరుగు," అని ఆ సీట్లోనే ముగ్గురం ఇరుక్కున్నాం. ములుగు వచ్చేదాకా ఆమె నా చేత చెప్పించుకుని "దస్తీ మాది" అనడం నేర్చుకుంది.

ములుగులో బస్సు మారి, ఆ తర్వాత కొంత నడిచి రామప్ప చేరాం. నల్లరాతి ఆడబొమ్మల ముందు ఆమె ఎంతసేపు నిలబడిందో! నేనూ అదే మొదటిసారి చూడడం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మాకు రామప్ప అట్లాంటిది. గోడ నీడన రొట్టెలు తిన్నాం. తొక్కు కారానికి ఆమె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, ఇంకా వెయ్యమని చెయ్యి చాపుతోంది. ఆమెను లేపుకుని రావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మళ్లీ ములుగు చేరేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. అంగడి విడిచింది, బస్టాండు నిండా జనం. హనుమకొండ బస్సు రాగానే కండక్టరు తలుపుకు అడ్డంగా నిలబడి, "ముంగట చెకింగున్నది. సీటు దొరికినోళ్లే ఎక్కుండ్రి, నిలవడేటోళ్లు ఆగుండ్రి," అని అరిచాడు. ఇది పోతే తర్వాతి బస్సు చీకటి పడ్డాకే. ఆమెకు బండి పోతుంది, నాకు చదువు పోతుంది. నేను పొట్టిదాన్ని. చుట్టూ ఉన్న వీపులు తప్ప నాకేమీ కనబడలేదు. ఏడుపొచ్చింది.

ఆమె తలకున్న ఎర్రగళ్ల దస్తీ విప్పింది. అందరి నెత్తుల మీంచి ఆ పొడుగాటి చెయ్యి చాపి, కిటికీలోంచి ఇద్దరి సీటు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచింది.

మేం తోసుకుంటూ లోపలికి చేరేసరికి ఒక లావుపాటాయన దస్తీని పక్కకు నెట్టి కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ఎదురుగా నిలబడి, బడిపిల్లలా గట్టిగా, "దస్తీ... మాది!" అంది. ఆయన తెల్లబోయాడు. వెనక సీట్లోంచి పొద్దుటి తాత గొంతు లేచింది.

"లే నాయినా, లే. పొద్దుగాల్ల తెల్వక నా సీట్ల కూసున్నది. ఇప్పుడు తెలిశి దస్తీ ఏశింది. గా సీటు గామెదే!"

"ఔను, గామెదే!" అంది బస్సంతా. ఆయన లేచాడు. నేను మహారాణిలా కిటికీ పక్కన కూర్చున్నాను. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైననాడు కూడా కలగలేదు.

బస్టాండులో దిగేసరికి పొద్దు ఇంకా గూకలేదు. అన్న సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఇద్దరినీ చూసి, ఆకాశంలోకి చూసి, ఆమెకు కాజీపేట పోయే రిక్షా మాట్లాడాడు. ఆమె దస్తీ తిరిగి ఇవ్వబోతే నేనే వద్దన్నాను. ఇంకా ఎన్ని ఊళ్లు తిరగాలో, ఎన్ని బస్సులెక్కాలో! మర్నాటి నుంచి నా వెనకాల సైకిలు రాలేదు.

ఆ రాత్రి అమ్మ మరచెంబు తోముతూ, "గుడి గంత పెద్దగుంటదా?" అని అడిగింది. "ఏడు సముద్రాల అవతలి పిల్ల చూశిపోయింది. నేను పెండ్లయి గీడికొచ్చి ఇన్నేండ్లాయె, చూడనే లే."

ఆదివారం పొద్దున ఇద్దరం బయల్దేరాం. అన్న చొక్కా తొడుక్కుంటూ, "ఆగుండ్రి, నేనొస్త," అన్నాడు.

"నువ్వు దుకాణం చూస్కో," అంది అమ్మ, వెనక్కి తిరగకుండానే.

ములుగు బస్సు వచ్చింది. నేను దస్తీ కోసం వెతుక్కునేలోపే అమ్మ కొంగు నడుముకు చుట్టి, జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, రొట్టెల సంచిని కిటికీలోంచి లోపలికి విసిరింది. లోపల ఎవరో "అబ్బా!" అన్నారు. సీటు మాత్రం మా అమ్మదే.