మూల జాకీ

సెంట్రింగు మేస్త్రి సుత్తి ఇంట్లోనూ ఊరుకోదు. మంచంకోడును తట్టి, మోత విని గానీ ఆయన నడుం వాల్చడు.

"ఇల్లు కూలదులే, పడుకో. నా నోరుంది కదా మోయడానికి!" అని భార్య దెప్పుతుంది. ఆయన నవ్వడు.

పదకొండేళ్ల కిందట, వాన వెలిసిన ఒక ఉదయం, శ్లాబును కింది నుంచి మోసే ఇనుప జాకీలన్నిటినీ తట్టి చూశాడు, ఒక్కటి తప్ప. "మూలది నేను తట్టి చూశా అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. ఆ మాట మీద కాంక్రీటు పోయించాడు. మూల కుంగింది. శ్లాబు కింద తమ్ముడున్నాడు. విచారణలో మేస్త్రి ఒకే మాట చెప్పాడు: "చూడకుండానే చూశానన్నాడు." చనిపోయినవాడు ఎదురు చెప్పలేదు. తమ్ముడి భార్య, ఆయన మరదలూ చెప్పలేదు, ఆనాటి నుంచి మేస్త్రి పక్కనే తట్టలు మోస్తోంది.

ఈ ఉదయమూ వాన వెలిసింది. కాంక్రీటు లారీ వచ్చి నిలిచింది. పైన కూలీలతో పాటు మరదలూ సిద్ధంగా ఉంది.

"ఏం మేస్త్రీ, జాకీలకు జాతకం చూస్తున్నావా? లారీలో మాలు గడ్డకడుతోందయ్యా!" ఇంజనీరు కేకేశాడు.

"మూలది నేను చూశాలే, పోయించెయ్యి" అన్నాడు సూపర్వైజరు.

మేస్త్రి అటు తిరిగాడు. ఆ మూల నీడలో ఎవరో జాకీకి భుజం ఆనించి నిలబడినట్టు తోచింది. వెళ్లి తట్టాడు. ఖంగుమంది. బిగువుగానే ఉంది. అయినా కాలు కదలలేదు. మోకాళ్ల మీద వంగి, జాకీ నిలిచిన అడుగు చెక్క కిందికి చేయి పోనిచ్చాడు. మట్టి తగలలేదు. వాననీరు తొలిచిన గుంతలోకి చేయి మణికట్టు దాకా దిగింది. చెక్క అంచుల మీదే ఆగి ఉంది. బరువు పడితే విరిగేది.

"దిగండి! అందరూ దిగండి!"

దిగివచ్చిన మరదలు గుంతను చూసింది. ఆయన చేతిలోని సుత్తిని తీసుకుని తనే జాకీని తట్టింది. ఖంగుమంది.

"మా ఆయన తట్టినప్పుడూ ఇలాగే మోగుంటుంది కదా, బావగారూ?"

మేస్త్రి చేతికంటిన బురద తుడుచుకున్నాడు.

"ఇంజనీరుగారు కూడా వింటున్నారు. ఒక్కసారి పైకి చెప్పండి."

"తట్టే చెప్పాడమ్మా" అన్నాడు మేస్త్రి. "నా తమ్ముడు అబద్ధమాడలేదు."

ఆమె సుత్తిని తిరిగి ఇవ్వలేదు. ఆయన వట్టి చేతులతో మొదటి జాకీ దగ్గరకు వెళ్లి, దాని అడుగున మట్టిని తడమసాగాడు. పదకొండేళ్లుగా చెవిని నమ్మి పోయించిన శ్లాబులు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి.