అగ్గిని అడగని మసిగుడ్డలు

రుజువు చూపించమని ఎదుటివాణ్ణి నిలదీయడం నేను పదిహేడో ఏట నేర్చుకున్నాను. తమిళనాడు ధర్మపురిలో ఆదివారం సాయంత్రాలు జరిగే చర్చాసభల్లో తమిళంలో మాట్లాడేదాన్ని. తాయెత్తులు, సోదె, ముహూర్తాలు, వేటినీ వదిలేదాన్ని కాదు. ఆడపిల్ల అంత గట్టిగా వాదిస్తుంటే చూడడానికే కొందరు వచ్చేవారు. సభ ముగిసి ఇంటికి వెళ్తే అక్కడ అమ్మ, ఆమె తెలుగు, ఆమె దగ్గు.

నాన్న పోయాక పెన్నాగరం దగ్గరి మెట్టచేను వదిలి టౌనుకు వచ్చాం. వాన పడని చేనును పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు ఏం చేస్తారు? అమ్మ ఊరిబయట క్వారీలో కంకర కొట్టేది. నాలుగేళ్ళు కొట్టింది. రాతిదుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లోకి దిగింది. "ఇంకో ఏడాది ఆ దుమ్ములో ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు" అని డాక్టరు, అమ్మను బయట కూర్చోబెట్టి, నాకు చెప్పాడు. నేను బయటికి వచ్చాక ఆయన ఏమన్నాడని అమ్మ అడగలేదు.

ఆమెకు వచ్చిన ఇంకో పని కుట్టు. బజారువీధి టైలరు కత్తిరించగా మిగిలిన ముక్కలను ఒక గోనెసంచిలో ఆమె కోసం దాచేవాడు. బదులుగా ఆమె అతని చొక్కాలకు కాజాలు కుట్టిచ్చేది. ముక్కలను నాలుగైదు పొరలుగా పేర్చి, పైనా కిందా పాతచీర గుడ్డ వేసి, బొంతకు వేసినట్టు దగ్గర దగ్గరగా కుట్లు వేసి, పొయ్యి మీది గిన్నెలు దించుకునే మసిగుడ్డలు తయారుచేసేది. అరచేతికంటే కొంచెం పెద్దవి. ఎంత వేడి గిన్నె పట్టినా చెయ్యి చురుక్కుమనేది కాదు.

కుట్టే ముందు ఆమె ప్రతి ముక్క నుంచీ ఒక పోగు లాగి పొయ్యిమంటకు చూపించేది. పోగు కాలి బూడిదై రాలితే "ఒప్పుకొనింది" అని ముక్కను ఒళ్ళో వేసుకునేది. పోగు ముడుచుకుపోయి నల్లపూసలా గట్టిపడితే "వద్దనింది" అని గోడవారకు విసిరేది. అంతా అయ్యాక వేలికి అంటిన బూడిదను కళ్ళకద్దుకునేది. దీన్ని ఆమె అగ్గిని అడగడం అనేది.

సంచి ఇవ్వడానికి వచ్చిన టైలరు ఒకసారి అది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమక్కా, నా గుడ్డలకు జాతకం చూస్తా ఉండావా?"

"నీకూ చూస్తానన్నా. ఒంటి మీద నుంచి ఒక పోగు ఇయ్యి."

"ఉండేది ఒక బనీను. అదీ పీకి నీకిస్తే మీ వదిన నన్ను ఇంట్లోకి రానీదు."

వాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం అవమానంగా ఉంది. ఊరందరి మూఢత్వాన్నీ ఎండగట్టే నా ఇంట్లోనే ఇది! ఆ ఆదివారం సభలో చెప్పేశాను. "మా ఇంట్లో గుడ్డపేలికకు కూడా నిప్పు అనుమతి కావాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు. కళ్ళకద్దుకోవడం అభినయించి చూపించాను. మళ్ళీ కొట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, బస్టాండు దగ్గర మెస్ నడిపే ఆవిడ అమ్మను పిలిపించింది. ముప్పై మసిగుడ్డలు శుక్రవారానికి కావాలంది. "కుట్టు నాకు నచ్చితే గుడ్డలే కాదక్కా, నువ్వూ వచ్చెయ్. వంటింట్లో నమ్మకమైన మనిషి కావల్ల నాకు" అంది. అమ్మ ఆ రోజు పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. "ఇంక సుత్తి పట్టే పని లేదే పాపా" అని గోడకు ఆనించి ఉన్న సుత్తిని కాలితో తట్టింది, కుక్కను తరిమినట్టు. డాక్టరు మాట నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఆమెకు ముందే తెలుసు.

పన్నెండు గుడ్డలు కుట్టేసరికి ఆమెకు జ్వరం వచ్చింది. లేవలేకపోయింది. మిగిలినవి కుట్టడానికి నేను కూర్చున్నాను. సంచిలో నూలు ముక్కలు నాలుగు గుడ్డలకు చాలవు. ఆ రోజుల్లో ఆఫీసులవాళ్ళకూ కాలేజీ కుర్రాళ్ళకూ అందరికీ టెరిలిన్ అనే కొత్తరకం గుడ్డ పిచ్చి. టైలరు దగ్గర మిగిలేదీ అదే. గోడవారన అగ్గి వద్దన్న ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. నున్నగా, మందంగా, చిరుగూ మరకా లేని కొత్త గుడ్డ. ఒక ముసలి నమ్మకం కోసం దీన్ని పారేసి అమ్మను మళ్ళీ క్వారీకి పంపాలా? ఇదీ నా వాదం. వాదంలో ఈ రోజుకూ నాకు తప్పు దొరకదు. గుడ్డ గురించే అప్పటికి నాకేమీ తెలియదు.

టెరిలిన్ లోపల పెట్టాను. పైన చీరగుడ్డ వేసి కుట్టేశాను. అమ్మ పడుకునే ఒకటి చేతిలోకి తీసుకుని కుట్లు తడిమింది.

"అగ్గిని అడిగినావా?"

"ఊఁ."

"అన్నీ?"

"అన్నీ అడిగినానమ్మా."

అబద్ధాన్ని సహించనని వేదికలెక్కి చెప్పినదాన్ని, జ్వరంతో ఉన్న మనిషితో అబద్ధం చెప్పాను. ఆమె నమ్మి కళ్ళు మూసుకుంది.

గుడ్డలు మెస్ ఆవిడకు నచ్చాయి. సోమవారం పొద్దున అమ్మ పనిలో చేరింది. టిఫిన్ల వేళ ముగిశాక, దోసెలు పోసే పెద్ద ఇనుప పెనాన్ని పొయ్యి మీంచి దించమన్నారు. రెండు చేతుల్లో రెండు మసిగుడ్డలు పట్టుకుని అమ్మ ఎత్తింది. ఎడమచేతిది ఆమె కుట్టింది. కుడిచేతిది నేను కుట్టింది. రెండడుగులు వేసేసరికి కుడిచేతిలో గుడ్డ కరిగింది. పక్కనే ఒక ముసలామె నేల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. పెనం వదిలితే ఆమె మీద పడుతుంది. అమ్మ వదల్లేదు. ఇంకో నాలుగడుగులు నడిచి, వంగి, కింద పెట్టింది. గుడ్డ చేతి నుంచి ఊడి రాలేదు. ఊడదీసినప్పుడు అరచేతి తోలు దానితోపాటే వచ్చింది.

నేను ఆసుపత్రికి పరుగెత్తుకుని వెళ్ళేసరికి మెస్ ఆవిడ ఆ గుడ్డను విప్పి చూస్తోంది. లోపల నల్లటి ముద్ద.

"ఎవరు కుట్టినారక్కా దీన్ని?"

"నేనే," అంది అమ్మ, నా వైపు చూడకుండా. "జ్వరంలో కుట్టినాను. చూసుకోలేదు."

ఆవిడ మిగిలిన గుడ్డలన్నీ పొయ్యిలో పడేయించింది. చెయ్యి మానాక రమ్మంది. చెయ్యి మానేలోపు ఆ పనికి ఇంకొకామె కుదిరింది. తప్పు ఆవిడది కాదు.

కట్టు మార్చే రోజుల్లో ఒకసారి అడిగాను, అగ్గిని అడగడం ఆమెకు ఎవరు నేర్పారని.

"ఎవరు నేర్పుతారే? మనం ఈ ఊరొచ్చిన ఏడు, కొత్తరకం ముక్క ఒకటి గిన్నెకు అతుక్కుని కరిగిపోయింది. ఇదేందిరా అని పోగు లాగి కాల్చి చూసినాను. నూలుదీ కాల్చినాను. రెండూ ఒక రకంగా కాలలేదు."

అంతే. నేను అనాదిగా వస్తున్న మూఢాచారం అనుకున్నది నాకంటే వయసులో చిన్నది. ఆమె చూసింది, అనుమానించింది, పోల్చింది, ప్రతి ముక్కకూ మళ్ళీ పరీక్ష పెట్టింది. సభల్లో నేను గొంతు చించుకుని జనాన్ని చేయమన్నది ఇదే. నిప్పు మాట్లాడుతుందని నేను ఇప్పటికీ నమ్మను. బూడిదను కళ్ళకద్దుకోవడం ఇప్పటికీ నాకు గిట్టదు. కానీ ఊళ్ళో ప్రతివాణ్ణీ రుజువు అడిగిన నేను, అమ్మను ఒక్కసారి, ఎగతాళి లేకుండా, "ఎందుకు?" అని అడగలేదు.

ఆ మాట చెబుదామని సభకు వెళ్ళాను. "మా అమ్మ అగ్గిని అడిగేది" అని మొదలుపెట్టగానే జనం నవ్వారు. వాళ్ళకు ఆ మాట దగ్గర నవ్వడం నేర్పింది నేనే. చెయ్యి కాలిన సంగతి దాకా చెప్పలేకపోయాను. దిగి వచ్చేశాను.

ఆమె కుడిచేతి వేళ్ళు లోపలికి వంగి అలాగే ఉండిపోయాయి. సూది పట్టలేదు, సుత్తి పట్టలేదు. ఇంట్లో బియ్యం అయిపోయిన వారం, క్వారీలో ఆమె చోటికి నేను వెళ్ళాలని తేలింది. కూలీల లారీ వచ్చే వేళకు నేను సుత్తి చేతిలోకి తీసుకుంటే, అమ్మ ఎడమచేత్తో గుడ్డముక్క ఒకటి తెచ్చింది.

"చేతికి చుట్టుకో. నూలైతేనే చెమట పీలుస్తాది. టెరిలినైతే జారుతాది. సుత్తి జారితే వేళ్ళు పోతాయి." పోగు లాగడానికి చూసింది. ఒంటిచేత్తో రాలేదు. ముక్క నా ముందు పెట్టింది. "నువ్వడుగు."

పోగు లాగి పొయ్యిమంటకు చూపించాను. కాలి, తెల్లగా, రాలిపోయింది.

"ఏమనింది?"

"నూలేనమ్మా."

"ఏమనిందే?"

బయట లారీ హారన్ కొడుతోంది.

"ఒప్పుకొనింది," అన్నాను.

ఆమె నా అరచేతికి గుడ్డ చుట్టింది. ముడి పడలేదు. ఒక కొసను పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో రెండోది లాగి బిగించింది.