డీజిల్‌తో కడిగిన చేతులు

2022 ఆగస్టు. భూమికి దక్షిణపు కొసన, మంచు మీద కట్టిన ఒక పరిశోధన స్టేషన్. రెండు నెలల చీకటి తరువాత సూర్యుడు మళ్ళీ కనిపించి మూడు వారాలైంది. బయట మైనస్ ముప్పై రెండు డిగ్రీలు. అక్కడి డోజర్లు, క్రేన్లు, జనరేటర్ల మరమ్మతులకు నేను సూపర్‌వైజర్‌ని. అంతకుముందు ఇరవై ఏళ్ళు అనంతపురం పక్కన రాప్తాడు దగ్గర హైవే పక్కన షెడ్డులో బోరు లారీలు, ప్రొక్లెయిన్లు బాగు చేసినవాణ్ణి. ఊళ్ళో ఎవరు కలిసినా పెంగ్విన్ల గురించే అడుగుతారు. నాకు మాత్రం ఆ చోటు పేరెత్తితే ఓబులేసు చేతులే కళ్ళ ముందుకొస్తాయి.

ఓబులేసుది కణేకల్. నా షెడ్డులో పదకొండేళ్ళు పనిచేసిన మెకానిక్. ఇంజన్లో వాల్వు సందు కొలవడానికి ఫీలర్ గేజ్ అని పల్చటి ఇనుప రేకుల కట్ట ఉంటుంది. వాడు రేకు దూర్చి, వేళ్ళతో ఒకసారి లాగి, "ఇంగ రవ్వంత బిగువుండాదన్నా" అన్నాడంటే అంతే, మళ్ళీ చూడక్కర్లేదు. అలాంటి చేతులు. అందుకే నాతోపాటు వాడిచేతా దరఖాస్తు పెట్టించి, రానని మొండికేస్తుంటే వెంటపడి మరీ తీసుకెళ్ళాను.

మా షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. ట్యాంకరు వస్తేనే అక్కడ నీళ్ళు. గ్రీజు చేతులతో ఎవడైనా కడవ దగ్గరికి పోతే నాకు ఒళ్ళు మండేది. "ఏమప్పా, మీ నాయన చెరువు తవ్విచ్చినాడా? డీజిల్ పోసుకొని కడుక్కోపో!" అని అరిచేవాణ్ణి. డీజిల్ పోసుకోవడం, శనక్కాయ పొట్టు వేసి రుద్దడం, పాతగుడ్డతో తుడుచుకోవడం. నా దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ అదే అలవాటు.

ఆ రోజు డోజర్ ట్రాక్ పిన్ మార్చాం. ట్రాక్ అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీ. దాని లింకులను కలిపి పట్టుకునేది పిన్. గ్యారేజీ తలుపు ముందు మంచు పేరుకుపోవడంతో పని బయటే చేయాల్సి వచ్చింది. పొద్దున్నంతా ఇద్దరం నానా తంటాలు పడి బిగించేసరికి భోజనం వేళయింది. "సామాన్లు సర్ది వస్తా, నువ్వు పో అన్నా" అన్నాడు ఓబులేసు. నేను లోపలికొచ్చి కంచం ముందు కూర్చున్నాను.

కాసేపటికి వాడూ వచ్చాడు. చేతులకు గ్లవ్స్ లేవు. "జిడ్డంతా పోయిందన్నా" అని నవ్వుతూ రెండు చేతులూ చాపాడు. వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. చూపుడువేలు పట్టుకున్నాను. కట్టెపుల్లలా గట్టిగా ఉంది.

"ఏం చేసినావ్‌రా?"

"చేతులు కడుక్కున్నా."

"దేంతో?"

"డీజిల్‌తో. డోజర్ ఫిల్టర్ కింద కొళాయి తిప్పి పట్టుకున్నా. గ్రీజు గ్లవ్స్ లోపలికి దిగిపోయిండాది. ఈడ నీళ్ళు కావాలంటే మంచు కరగబెట్టాల కదా, దండగెందుకులే అని."

"నొప్పి లేదా?"

"మొదట సుర్రుమన్నాది. ఇప్పుడేం లేదు, హాయిగా ఉండాది."

భుజం పట్టి వాణ్ణి డాక్టరు గదికి నడిపించాను. ఆ చలికి నీళ్ళయితే రాయిలా ఉంటాయి, ఎవడూ చెయ్యి పెట్టడు. అక్కడ వాడేది గడ్డకట్టని రకం డీజిల్. చూడ్డానికి మన డీజిల్ లాగే జారుతుంది. కానీ బయట ఎంత చలో దానికీ అంతే చలి. చర్మం మీద పడగానే లోపలి కండ గడ్డకట్టేస్తుంది. దాన్నే ఫ్రాస్ట్‌బైట్ అంటారు. నొప్పి ఆగిందంటే నరం పలకడం మానేసిందని అర్థం. ఇదంతా నాకు తెలుసు. ఇంధనం నింపేటప్పుడు గ్లవ్స్ తీయొద్దని శిక్షణలో నేనే నెత్తీనోరూ బాదుకుని చెప్పాను. చేతులు కడుక్కునే మాట మాత్రం నా బుర్రకు తట్టనే లేదు.

స్టేషన్ డాక్టరమ్మది విజయనగరం. మరిగే నీళ్ళు తేబోయిన నన్ను కసిరింది. "గోరువెచ్చగా ఉండాలండీ! రుద్దకండి, దయచేసి." ఆ నీళ్ళలో వాడి చేతులు ముంచింది. తెలుపు పోయి ఎరుపు తేలేకొద్దీ ఓబులేసు కేకలు పెట్టాడు. "కోసేయమ్మా, వీటిని కోసేయ్!" పదకొండేళ్ళలో వాడు అలా అరవడం నేను వినలేదు. భుజాలు పట్టుకుని కూర్చున్నాను.

"వేళ్ళు దక్కుతాయా అమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేనండీ. ఏది బతుకుతుందో తేలడానికి వారాలు పడుతుంది. నవంబరు దాకా విమానం రాదు. ఉన్నదాంతో ఇక్కడే చూసుకోవాలి."

ఎనిమిది వేళ్ళు దక్కాయి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పైకణుపులు నల్లబడి ఎండిపోయాయి. అక్టోబరు చివర్లో డాక్టరమ్మే వాటిని తీసేసింది.

తరువాత విచారణ జరిగింది. స్టేషన్ లీడర్ ముందు ఓబులేసు, "డీజిల్‌తో కడుక్కోమని నాకు ఎవరూ నేర్పలేదు సార్, నా బుద్ధే గడ్డి తినింది" అన్నాడు. పక్కనే కూర్చున్న నేను నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికీ సిగ్గుగా ఉంది. మూడోరోజు వెళ్ళి, రిపోర్టులో కారణం అన్నచోట 'మెకానిక్ పొరపాటు' అని ఉన్నది కొట్టేసి, 'ఈ అలవాటు నేర్పినది సూపర్‌వైజర్, మానమని చెప్పనిదీ అతనే' అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఓబులేసుకు చూపించాను. పోనీలే అన్నా అంటాడని ఆశ.

"నువ్వు రాస్తే నా వేళ్ళు మొలుస్తాయా?" అన్నాడు.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వాడే మళ్ళీ అడిగాడు. "వచ్చే బ్యాచ్‌లో మనోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"గుంతకల్లు నుంచి ఇద్దరంట."

"వాళ్ళకూ డీజిలే అలవాటుంటాది. నాకెందుకు చూపిస్తావ్? పోయి వాళ్ళకు చెప్పు."

నవంబరు విమానంలో తిరిగొచ్చాక, వాళ్ళింకా బయల్దేరకముందే చెప్పాను. రాప్తాడు షెడ్డులోనే ఒక పాత ఇంజన్ ముందు ఆ ఇద్దర్నీ పిలిపించి కూర్చోబెట్టి, పొద్దున్నే ఓబులేసు కథంతా చెప్పాను. అయ్యో అన్నారు, నోటుబుక్కులో రాసుకున్నారు. తరువాత ఇంజన్ విప్పారు. మధ్యాహ్నం అన్నానికి లేవమన్నాను. ఇద్దరూ తిన్నగా డీజిల్ డబ్బా దగ్గరికి పోయారు. ఒకడు పోస్తుంటే ఒకడు కడుక్కుంటున్నాడు.

"ఏమప్పా! ఇప్పుడే కదా చెప్పి సస్తి?"

"ఆడికి పోయినాక మానుకుంటాంలే అన్నా," అన్నాడు పెద్దవాడు. "ఇది అనంతపురమే కదా."

మాటలతో అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది. ఆ డబ్బా తీసి అవతల పెట్టాను. నీళ్ళ కడవ, సబ్బు తెచ్చి వాళ్ళ ముందుంచాను. ట్యాంకరు ఖాళీ అయితే అయింది. ఆ అలవాటు మానాల్సింది ఇక్కడే, చేతులు వెచ్చగా ఉన్నప్పుడే.