ప్రింటరు ఆపి చేసిన పరీక్ష

1983లో నన్ను మలక్‌పేటలోని ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఇనుప భాగాలను కాల్చి గట్టిపరిచే కొలిమికి కొత్తగా మైక్రోప్రాసెసర్ కంట్రోలర్ పెడుతున్నారు. పాత అనలాగ్ కంట్రోలర్ వేడిని నిరంతరం గమనించేది. కొత్తది ఒకసారి చూస్తుంది, ఆగుతుంది, మళ్లీ చూస్తుంది. శాలిబండ సందులో కళ్లు మూసి తెరుస్తూ సైకిల్ తొక్కినట్టన్నమాట. రెప్ప త్వరగా తెరుచుకుంటే ఫర్వాలేదు.

పాత సమీకరణాలను డిజిటల్‌లోకి మార్చింది మా చీఫ్ ఇంజనీరు రమణారావుగారు. మార్పు రేటు ఉన్నచోటల్లా ఈ కొలతకూ తర్వాతి కొలతకూ మధ్య తేడాను వ్యవధితో భాగించి పెట్టారు. సులువైన పద్ధతే, కానీ కొలతల మధ్య వ్యవధి పెరిగితే కంట్రోలరే నిలకడ తప్పుతుంది. పై అధికారుల ముందు పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. అసలు పని మొదలైన మొదటి వారంలోనే ఆపరేటరు యాదగిరి షిఫ్టులో వేడిని చూపే సూది ఊగిపోయి సరుకంతా పాడైంది. ప్యానెల్‌ను కెలికాడని అతనికి మెమో ఇచ్చారు. తర్వాతిది సస్పెన్షనే.

అతను నా దగ్గరికి వచ్చాడు. "నేను చెయ్యే పెట్టలే సార్. గా సూది దానంతటదే ఊగవట్టె. కొలువు పోతే ఇంట్ల ఏం చెప్పాలె?"

పరీక్షకూ షిఫ్టుకూ తేడా ఏమిటని ఆరా తీశాను. పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు టకటకల లొల్లి ఎందుకని ఆ రోజు ప్రింటరు ఆపేశారట! షిఫ్టులో మాత్రం ప్రాసెసరే వేడి అంకెలను అచ్చు కూడా వేయాలి. ఆ పని పడగానే కొలతల మధ్య వ్యవధి పెరిగిపోయేది. బోర్డు మీద లెక్క వేసి చూపిస్తే రమణారావుగారు నవ్వారు.

"బోర్డు మీద ముద్దుగానే ఉందయ్యా. కొలిమి ముందు చూపించు."

చెయ్యి పెట్టాడనే మాట రాకుండా యాదగిరిని షెడ్డు బయట కూర్చోబెట్టి ఖాళీ కొలిమి వెలిగించాం. ప్రింటరు ఆపితే సూది నిలిచింది, నడిపితే ఊగింది. ఆయన తానే ప్రింటరును మళ్లీ ఆపి, మళ్లీ నడిపి చూశారు.

తర్వాత బైలీనియర్ పద్ధతిలో మళ్లీ మార్చాం. అందులో రెండు కొలతల సగటును తీసుకుంటారు కాబట్టి, అనలాగ్‌లో స్థిరంగా ఉన్న కంట్రోలర్ డిజిటల్‌లోనూ స్థిరంగా ఉంటుంది. అయితే ఆ హామీ కంట్రోలర్‌కే, కొలిమితో కలిపి కాదు. అందుకని కొలత పని అయ్యాకే అచ్చు వేసేలా చేసి వ్యవధినీ తగ్గించాం. సూది నిలబడింది. తప్పు తనదేనని రమణారావుగారు స్వయంగా రాసిచ్చి మెమో రద్దు చేయించారు.

ఆ తర్వాత కూడా చాలాకాలం యాదగిరి ప్యానెల్ మీద బటన్ నొక్కాలంటే ఎవరినో ఒకరిని సాక్షిగా పిలిచేవాడు. కంట్రోలర్‌ను మేం సరిచేయగలిగాం. మనిషిని అనుమానించే ముందే ఆ పని చేసి ఉండాల్సింది.