వెడల్పైన పాపిడి

కాలేజీ వార్షికోత్సవం రోజున మేడ మీద నుంచి ఎవరో తీసిన ఫొటో ఒకటి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పడింది. కింద కుర్చీలు సర్దిస్తున్న నలుగురం ఉన్నాం అందులో. నేను ముందు నా నెమలికంఠం రంగు చీరని గుర్తుపట్టాను. ఆ తరువాత చీర పైన ఉన్న తలని చూశాను. పాపిడి ఉండవలసిన చోట, నుదుటి నుంచి నడినెత్తి దాకా, రెండు వేళ్ళ వెడల్పున మాడు కనబడుతోంది. ఆ తల నాదేనని ఒప్పుకోవడానికి కొంచెంసేపు పట్టింది. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు.

జుట్టు రాలుతోందని తెలియక కాదు. మా ఇల్లు నరసాపురంలో. గోదావరి అవతల ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. రోజూ పంటు మీద ఏరు దాటాలి. పంటు ఎక్కగానే కొంగు తల మీదికి లాక్కోవడం రెండేళ్ళుగా అలవాటైపోయింది. ఎండకి కాబోలు అనుకునేవారు తోటివాళ్ళు. గాలికి జుట్టు చెదిరితే ఏం బయటపడుతుందోనని నా భయం. పిల్లల నోట్సులు దిద్దేటప్పుడు కూడా కూర్చునేదాన్ని కాదు. వాళ్ళు చుట్టూ నిలబడితే నా నడినెత్తి సరిగ్గా వాళ్ళ కళ్ళ ముందుంటుంది. పొద్దున్నే బయలుదేరే ముందు కనుబొమల పెన్సిలుతో పాపిడిని నల్లగా దిద్దుకునేదాన్ని. చెమట పట్టిన రోజు ఆ నలుపు నుదుటి మీదికి దిగేది.

ఒక ఆదివారం అద్దం ముందు అలా దిద్దుకుంటుంటే మా అత్తగారు గదిలోకి వచ్చారు. నేను పెన్సిలు దాచబోయాను. ఆవిడ వెనక్కి వెళ్ళి, తన బీరువాలోంచి పాత బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చి మంచం మీద పెట్టి మూత తీశారు. అందులో మడత పెట్టిన సవరం ఉంది. నల్లగా, నూనె వాసనతో.

"ఇది ఎవరిదండీ?" అన్నాను.

"నాదే. రెండో కాన్పయ్యాక జుట్టంతా ఊడిపోయింది. అప్పట్నుంచీ దీంతోనే జడ. ఈమధ్యే ముడిలోకి దిగాను."

ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడ జడ ఆవిడదే అనుకున్నాను.

"మావగారికి తెలుసా?"

"తెలుసో తెలీదో. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు." ఆవిడ సవరం మళ్ళీ మడిచి డబ్బాలో పెట్టారు. "నాకు అప్పుడు ఎవరికి చూపించుకోవాలో తెలీదమ్మా. నీకు తెలుస్తుంది కదా. వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళలేకపోతే నేనొస్తాను."

ఆ రాత్రి భోజనాలయ్యాక మావారికి సంగతంతా చెప్పి, డాక్టరుకి చూపించుకోనా అని అడిగాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "నువ్వెలా ఉన్నా నాకు బానే ఉంటావు కదా," అన్నారు. మంచి మాటే. కానీ అది నేనడిగిన దానికి జవాబు కాదు. నాకు నేను ఎలా ఉన్నానన్నది నా సంగతి. అది ఆయనకి చెప్పడం నాకు చేతకాలేదు.

మరుసటి వారం అత్తాకోడళ్ళం రాజమండ్రి వెళ్ళాం. మొదట వెళ్ళిన చోట గోడల నిండా ఫొటోలు, అన్నీ మగవాళ్ళవే. టై కట్టుకున్న ఒకతను నా తల వంక రెండు నిమిషాలు చూసి, వచ్చే శుక్రవారమే జుట్టు నాటే సర్జరీ పెట్టుకోవచ్చన్నాడు. రక్తపరీక్షల ఊసే లేదు. మా అత్తగారు అంతసేపూ వింటూ కూర్చుని చివర్లో అడిగారు.

"బాబూ, ఆడవాళ్ళకి ఎంతమందికి చేశారండి ఇక్కడ?"

అతను చేస్తుంటామండి, చేస్తుంటామండి అన్నాడు. ఆవిడ లేచి చెప్పులు తొడుక్కున్నారు.

రెండో చోట చర్మ వైద్యురాలు. దాదాపు నా వయసే. చిన్న భూతద్దం లాంటి పరికరంతో పాపిడంతా చూశారు, తల వెనక భాగం ఇంకా ఎక్కువసేపు చూశారు. నెలసరి గురించి, థైరాయిడ్ గురించి, మా అమ్మకి, అక్కచెల్లెళ్ళకి జుట్టు ఎలా ఉందన్న దాని గురించి అడిగారు.

"ఇప్పుడు సర్జరీ చెయ్యనండి," అన్నారు.

నా ముఖం వాడిపోవడం ఆవిడ చూసి ఉంటారు.

"ఎందుకు రాలుతోందో తేలకుండా, రాలడం ఆగకుండా నాటితే ఉపయోగం లేదు. ఆడవాళ్ళలో చాలామందికి తల వెనక కూడా పల్చబడుతుంది. అక్కడ గట్టిగా లేకపోతే తీసి ముందు పెట్టడానికేం ఉండదు. మీకు వెనక బావుంది. కానీ ముందు పరీక్షలు, తరువాత మందులు. ఒక ఏడాది చూద్దాం."

ఒంట్లో ఇనుము బాగా తక్కువని తేలింది. మాత్రలు, రోజూ మాడుకి రాసుకునే మందు. ఏడాది పాటు వదలకుండా వాడాను. దువ్వెనకి వచ్చే వెంట్రుకలు తగ్గాయి. నడినెత్తి మీద కొంచెం నిండింది కూడా. ముందు భాగంలో పాపిడి మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పుడు డాక్టరుగారే సర్జరీ మాట ఎత్తారు.

"పదహారేళ్ళప్పటి జడ వస్తుందనుకోకండి. పాపిడి సన్నబడుతుంది. మందు మాత్రం ఆపకూడదు. దానికి సరేనంటే చేద్దాం."

సరేనన్నాను. ఇంటికొచ్చాక అత్తగారు అంతా విని, "అయితే తలలో ఊడుపులన్నమాట," అన్నారు. చాలా రోజుల తరువాత ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం.

సర్జరీ రోజున పై జుట్టు ఎత్తి క్లిప్పులు పెట్టి, తల వెనక ఒక పట్టీ మేర మాత్రమే గొరిగారు. పై జుట్టు వదిలితే అది కనబడదన్నారు. మత్తు ఇంజెక్షన్లు నెప్పిగానే ఉన్నాయి. ఆ తరువాత ఏమీ తెలియలేదు, సన్నటి మర చప్పుడు తప్ప. పొద్దుటి పూటంతా బోర్లా పడుకుని ఉన్నాను. డాక్టరుగారు ఒక్కో కుదురునీ బయటికి తీస్తుంటే, టెక్నీషియను ఒకావిడ వాటిని వరసలు పెడుతోంది. ఆవిడది ఉప్పాడట. అంత సన్న పని కళ్ళు లాగెయ్యవా అని అడిగాను.

"మా ఇంట్లో అందరూ మగ్గం మీదే అండి. చిన్నప్పట్నుంచీ పోగులు చూసి చూసి అలవాటే," అంది.

మధ్యాహ్నం పెరుగన్నం తిననిచ్చి, ఈసారి వెల్లకిలా పడుకోబెట్టారు. నాటడం సాయంత్రం దాకా సాగింది. మావారు సెలవు పెట్టి వచ్చి, ఆ రోజంతా బయట వాళ్ళమ్మ పక్కనే కూర్చున్నారు. నేను బయటికి రాగానే నా చేతిసంచీ అందుకున్నారు.

రెండో రోజుకి నుదురు వాచి కళ్ళు సగమే తెరుచుకున్నాయి. వారం రోజులు దిండ్లు పేర్చుకుని, కూర్చున్నట్టే నిద్రపోయాను. సెలవులైపోయి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాక, సర్జరీ అయిన మూడో వారంలో, నాటిన వెంట్రుకలు దిండు మీద కనిపించాయి. అవి రాలతాయని, కుదుళ్ళు లోపలే ఉంటాయని డాక్టరుగారు ముందే చెప్పారు. కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. అయినా దిండు గలీబు చేత్తో పట్టుకుని ఏడ్చాను. అత్తగారు ఆ కాగితం తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, నాకు పైకి చదివి వినిపించారు. చదవడం అయ్యాక గలీబు తీసుకెళ్ళి తనే ఉతికారు.

తరువాత మూడు నెలలు ఏమీ లేదు. ఫోన్లో పాపిడి ఫొటోలు తీసుకుని, పాతవాటితో పోల్చుకుని, మనసు పాడుచేసుకోవడం రోజూ ఒక పనైంది. డాక్టరుగారు ఆ ఫొటోలు చెరిపెయ్యమన్నారు. నాలుగో నెల దాటాక ఒక పొద్దున తల దువ్వుకుంటుంటే వేలికి ఏదో గరుకుగా తగిలింది. చిన్న చిన్న వెంట్రుకలు, నిటారుగా. అవి పెరిగి మిగతా జుట్టులో కలవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు నా పాపిడి ఒక గీత. ఒత్తైన జుట్టేమీ కాదు. ఎండలో దగ్గరగా చూస్తే పల్చగానే ఉంటుంది. పెన్సిలు అవసరం మాత్రం లేదు.

కాలేజీలో అడిగిన వాళ్ళకి దాచకుండా చెప్పాను. కొందరు నవ్వారు. ఈ వయసులో ఎందుకండీ అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు మధ్యాహ్నం కెమిస్ట్రీ లాబ్ అసిస్టెంటు స్టాఫ్ రూములోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. నాకంటే పదేళ్ళు చిన్నది. ఎప్పుడూ తలకి స్కార్ఫు కట్టుకునే ఉంటుంది, యాసిడ్ల ఘాటు పడదని చెబుతుంది. ఆ స్కార్ఫు విప్పి, "ఒకసారి నాదీ చూడండి మేడమ్," అంది.

చూశాను. ఆ ఆదివారం కాక పై ఆదివారం తనతో రాజమండ్రి వెళ్ళాను. డాక్టరుగారు పరీక్షలు చేయించి, ఆమెకి సర్జరీ అవసరం లేదని, థైరాయిడ్ మందులతోనే చాలావరకు తిరిగి రావచ్చని చెప్పారు. తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుని, నిడదవోలు దాటిన దగ్గర్నుంచి నరసాపురం చేరేదాకా ఆగకుండా మాట్లాడింది. ఎక్కువగా తల గురించి కాదు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం ఎప్పుడు మానేసిందో, చెల్లెలితో ఎందుకు మాటల్లేవో, ఇలాంటివి. నేను వింటూ కూర్చున్నాను.