నౌపడ ఉప్పు మడుల దగ్గర చల్లని మూల

నౌపడ వెళ్ళాలన్నది మా ఆయన ముచ్చట. ఇద్దరం విజయనగరంలో ఫిజిక్స్ లెక్చరర్లం, పెళ్ళయిన నాటి నుంచీ ఒకే విషయం మీద వాదించుకున్నాం. విశ్వం తొలినాళ్ళ వేడి ఇప్పటికీ ఆకాశమంతటా కంటికి కనబడని సన్నని మైక్రోవేవ్ వెలుగుగా మిగిలి ఉంది. ఏ దిక్కుకు చూసినా అది ఒకేలా ఉండాలి. కొలిచి చూస్తే మాత్రం ఒక సగంలో హెచ్చుతగ్గులు రెండో సగంలో కంటే కాస్త ఎక్కువ. దక్షిణపు ఆకాశంలో ఒకచోట అనుకున్నదానికంటే చల్లగా ఉన్న పెద్ద మచ్చ. అది ఉత్త యాదృచ్ఛికమని ఆయన, ఏదో కారణం ఉండే ఉంటుందని నేను. తేల్చుకుందామంటే పోల్చి చూడడానికి మరో ఆకాశం లేదు. కనబడేది ఏమీ లేకపోయినా సరే, కొండలూ దీపాలూ అడ్డం లేని నౌపడ ఉప్పు మడుల దగ్గర నిలబడి ఆ దిక్కును ఒకసారి తీరిగ్గా చూసొద్దామనేవారు. ఆయన పోయి ఎనిమిది నెలలయింది. ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వచ్చెయ్యమని తమ్ముడు పోరుతున్నాడు. ఆదివారానికల్లా ఏదో ఒక మాట చెప్పమన్నాడు. ఈ ఒక్క ప్రయాణం ఒంటరిగా చెయ్యగలిగితే ఉండిపోతాను, లేకపోతే వెళ్ళిపోతాను అనుకుని డిసెంబరులో ఒక శుక్రవారం బయలుదేరాను.

విజయనగరంలో మధ్యాహ్నం పాసింజరు ఎక్కితే టికెట్టు యాభై రూపాయల లోపే. రెండు గంటలకు పైగా పడుతుంది, ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇస్తూ ఆగితే మూడూ పడుతుంది. గరివిడి దగ్గర ఫ్యాక్టరీ పొగ గొట్టాలు దాటాక ఒకావిడ వచ్చి, నా పక్క సీటు మీద ఉన్న సంచీని చూసి, ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరని చెప్పి సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ చిన్న జవాబు తర్వాత శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వచ్చేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

నౌపడ స్టేషన్ బయట అప్పలరాజు అనే ఆటో డ్రైవరు దొరికాడు. వెయిటింగుతో కలిపి, తిరిగి టెక్కలిలో లాడ్జి దగ్గర దింపడానికి నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. "ఇప్పుడు ఉప్పు లేదు కదా మేడమ్, మడులు బాగు సేస్తన్నారు. ఏటి సూస్తారు?" అన్నాడు. ఆకాశం అన్నాను. అద్దంలో ఒకసారి నన్ను చూసి ఆటో తీశాడు. మడుల గట్టు పక్కన, కూలీలకు వండిపెట్టే ఒక రేకుల పాక దగ్గర ఆటో ఆపాడు. ఆ పాక నడిపే దాలమ్మకు నా వయసే ఉంటుంది. రాత్రికి నాకూ అన్నం కావాలని చెప్పి గట్టు ఎక్కాను.

ఆరున్నరకే చీకటి పడింది. తూర్పున, సముద్రం వైపు, వేటగాడి చుక్కలు, అంటే ఓరియన్, లేస్తున్నాయి. వాటికి కుడిపక్క కొంచెం పైన, ఆగ్నేయంలో ఉంటుంది ఆ మచ్చ. అక్కడ చెప్పుకోదగ్గ చుక్క ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళూ వాదించిన చోటు ఇదా అనిపించింది. పక్కకు తిరిగి ఆ మాట అనబోయాను. పక్కన గట్టు, దాని మీద గడ్డి. ఆయన పోయిన రోజు కూడా నేను అంత ఒంటరిని కాను, ఆరోజు ఇంటినిండా జనం ఉన్నారు. ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేసి వచ్చేస్తానని చెబుదామనుకున్నాను.

అన్నం అయిందని పిలవడానికి వచ్చిన దాలమ్మ, అటేం చూస్తున్నానని అడిగింది. పాఠం చెప్పే అలవాటు కదా, ఆకాశంలో ఆ మూల ఉండాల్సిన దానికంటే చల్లగా ఉందని, ఎందుకో ఎవరికీ తెలియదని చెప్పాను.

"ఆగ్నేయం మూల సల్లగుంతాదేటమ్మా? అది పొయ్యి మూల కదా," అంది. "ఆ మూల సల్లారిందంటే ఇంట్లో పొయ్యి ఎలగట్లేదన్నమాటే."

నవ్వొచ్చింది. భూమి తిరుగుతుంది కాబట్టి ఆ మచ్చ అర్ధరాత్రికి నైరుతికి పోతుందని, ఆకాశానికి వాస్తు ఉండదని సర్ది చెప్పాను. ఆవిడకు ఆ సంగతి పట్టలేదు. ఆకాశాన్ని వదిలేసి నన్ను పరకాయించి చూసింది.

"మీ ఇంట్లో ఎలుగుతన్నాదా?"

లేదన్నాను. కాలేజీ నుంచి వస్తూ కర్రీ పాయింట్‌లో పొట్లం కొనుక్కుని, నిలబడే తినేసి పడుకుంటున్నానని, తమ్ముడికి కూడా చెప్పనిది చెప్పేశాను. ఓదారుస్తుందేమోనని భయపడ్డాను. ఓదార్చలేదు.

"నాకూ ఒక్కదానికే అయితే వండబుద్దెయ్యదమ్మా. మా ఆయన గుజరాత్ సేపల బోట్ల మీదున్నాడు. ఈ కూలోళ్ళు ఉన్నారు కాబట్టి ఎలిగిస్తన్నాను. రండి, సల్లారిపోతాది."

వేడన్నం, చేపల పులుసు. ఎన్నాళ్ళకో కూర్చుని తిన్నాను, మారు కూడా వడ్డించుకున్నాను.

మర్నాడు విజయనగరం చేరి, తమ్ముడికి రానని చెప్పాను. ధైర్యం వచ్చేసి కాదు. పొయ్యి వెలిగించాలంటే నాకు నా వంటగదే కావాలనిపించింది. ఆ రాత్రి చెయ్యి అలవాటుగా ఇద్దరికి సరిపడా బియ్యం పోసింది. ఎసరు మరుగుతుంటే అక్కడే నిలబడి ఏడ్చాను. తర్వాత పళ్ళెం పెట్టుకుని కూర్చుని, ఆ మచ్చ యాదృచ్ఛికమే అయి ఉండొచ్చని మొదటిసారి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానని చెప్పుకోవడానికి మనిషి లేడు. దాంతో వాదన గెలిచినవాడూ లేకుండా పోయాడు. అయినా అన్నం బాగా ఉడికింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన: చీకటి పడితే అక్కడ తినడానికి ఏమీ దొరకదు, కాబట్టి గట్టు ఎక్కకముందే పాకలో భోజనానికి చెప్పాలి. ఎంతమందికి అని అడుగుతారు. ఒక్కరే వెళ్తే ఒక్కరికే అని చెప్పండి. మొదటిసారి నోరు రాదు. అడిగినవాళ్ళు ఆగుతారు.